బత్తాయికి బెజ్జం పెట్టేది పండు ఈగా, రెక్కల పురుగా?

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను, ఫొటోలు కూడా చూశాను. రాపూరు వైపు కొండ కింద మూడెకరాల బత్తాయి, గట్ల వెంట జామ చెట్లు. కాయ రంగు తిరిగే టైముకి సూది గుచ్చినంత బెజ్జం పడుతోంది, రెండు మూడు రోజుల్లో అక్కడ మెత్తబడి కాయ రాలిపోతోంది. మందుల షాపులో పండు ఈగ అన్నారని ఈగల్ని ఎరతో పట్టే బుట్టలు కట్టావు, బుట్టల నిండా ఈగలు పడుతున్నాయి, అయినా రాలడం మాత్రం ఆగలేదు. ఇంతకీ ఇది ఈగేనా, రాత్రిపూట వచ్చే రెక్కల పురుగా, రెండిటికీ తేడా ఏంది అని అడిగావు.

నీ ఫొటోలను బట్టి బత్తాయిని పాడు చేస్తున్నది ఎక్కువగా రెక్కల పురుగే, అంటే సీతాకోకచిలుకలా ఉండి రాత్రిపూట తిరిగేది. జామలో ఉన్నది మాత్రం ఈగ. రెండూ ఒకే తోటలో ఉన్నాయి కాబట్టి ఈ గందరగోళం. ఊరికే పేరు చెప్పి వదిలేస్తే వచ్చే ఏడు మళ్లీ ఇదే టెన్షన్ పడతావు, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు అసలు తేడా ఒక్కటి పట్టుకో, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. పండు ఈగలో కాయను తినేది పిల్ల. తల్లి ఈగ పొట్ట చివరి మొనతో కాయను గుచ్చి గుడ్లు పెట్టి పోతుందంతే, లోపల గుజ్జు తిని కుళ్లబెట్టేది ఆ గుడ్లలోంచి వచ్చిన తెల్ల పురుగులు. రెక్కల పురుగులో దీనికి పూర్తిగా తలకిందులు. దాని పిల్ల నీ బత్తాయి జోలికి రానే రాదు, అది పెరిగేది కంచె మీద తిప్పతీగ, దూసరితీగ ఆకులు తిని. పెరిగి రెక్కలొచ్చాక ఆడదీ మగదీ రెండూ రాత్రిపూట తోటలోకి వచ్చి కాయలో తొండం దించి రసం తాగుతాయి. అంటే ఈగ పుట్టేది నీ తోటలో, నీ కాయలో, నీ పాదిలోని మట్టిలో. రెక్కల పురుగు పుట్టేది బయట, నీ తోటకి అది కేవలం భోజనానికి వస్తుంది. లోపల పుట్టేదానికీ బయటనుంచి వచ్చేదానికీ ఒకే మందు, ఒకే బుట్ట ఎలా పనిచేస్తాయి చెప్పు?

ఇప్పుడు రెండిటినీ గుర్తుపట్టడం. పండు ఈగ అంటే మన వైపు మామిడి, జామ, బత్తాయి మీద కనిపించేది ఎక్కువగా బాక్ట్రోసెరా డోర్సాలిస్ అనే జాతి. ఇంట్లో తిరిగే ఈగ కంటే కాస్త పెద్దది, వీపు మీద పసుపు గీతలుంటాయి, పొట్ట మీద టి ఆకారంలో నల్లటి గుర్తు, రెక్కలు అద్దంలా పారదర్శకంగా ఉండి ముందు అంచు వెంట సన్నటి నల్ల పట్టీ. ఉన్నవి రెండే రెక్కలు. ఆడదానికి పొట్ట చివర మొనదేలిన గొట్టం ఉంటుంది, చూసి కుడుతుందేమో అనుకుంటారు కానీ అది గుడ్లు పెట్టడానికే. పగలంతా చెట్టు మీద తిరుగుతుంది, జత కట్టేది మాత్రం పొద్దుగుంకే వేళ.

రెక్కల పురుగు పెద్దది, రెక్కలు చాచితే ఎనిమిది నుంచి పది సెంటీమీటర్లు వస్తుంది. శాస్త్రీయంగా యూడోసిమా అనే ప్రజాతి, పాత పుస్తకాల్లో ఓథ్రీస్ అని కనిపిస్తుంది, రెండూ ఒకటే. మన దగ్గర ముఖ్యంగా యూడోసిమా మేటర్నా, యూడోసిమా ఫలోనియా అనే రెండు జాతులు. పై రెక్కలు ఎండుటాకు రంగులో, అదే ఆకారంలో ఉంటాయి, పగలు కొమ్మ మీద ముడుచుకుని కూర్చుంటే పక్కనే నిలబడినా కనపడదు. అది రెక్క విప్పితే కింది రెక్కలు మంచి నారింజ పసుపు, వాటి మీద నల్ల మచ్చ. ఆ మచ్చ గుండ్రంగా ఉంటే మేటర్నా, మూత్రపిండం ఆకారంలో వంకరగా ఉంటే ఫలోనియా. రెక్కలు నాలుగు, పట్టుకుంటే వేళ్లకి పొడి అంటుకుంటుంది.

దాని తొండం గురించి రెండు ముక్కలు ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే రెక్కల పురుగులన్నీ పూలలో తేనె తాగి పోయేవే అని చాలామంది నమ్మకం. మామూలు రెక్కల పురుగు తొండం మెత్తగా ఉంటుంది, పూవు దాటి దేన్నీ గుచ్చలేదు. దీని తొండం గట్టిది, సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవు, కొసన పదునైన పళ్లు, ముళ్లు ఉంటాయి. బత్తాయి తోలు ఎంత మందమో నీకు తెలుసు, దాన్ని కూడా చీల్చుకుని లోపలికి దిగుతుంది. రాత్రి ఎనిమిది దాటాక టార్చి తీసుకుని తోటలోకి వెళ్లు. కాయ మీద రెండు కళ్లు ఎర్రగా మెరుస్తూ కనిపిస్తాయి. మెల్లగా దగ్గరికి పోయి చూస్తే ముందు తొండం కొసతో కాయంతా తడిమి ఒక చోటు ఎంచుకుంటుంది, తర్వాత తల అటూ ఇటూ తిప్పుతూ, రెక్కలు వణికిస్తూ లోపలికి దించుతుంది. దిగాక ఇక కదలదు, టార్చి వేసినా చాలాసేపు తాగుతూనే ఉంటుంది. ఒకసారి కళ్లారా చూస్తే ఇక జన్మలో ఈగతో పొరబడవు.

పగలు కాయను బట్టి తేల్చుకోవడం ఇంకా తేలిక. తెల్లారగానే వెళ్లి ఆ రాత్రి రాలిన తాజా కాయలే ఏరు, పాతవి వద్దు. బెజ్జం దగ్గర వేళ్లతో నొక్కు. రెక్కల పురుగు గుచ్చిన కాయైతే బెజ్జంలోంచి రసం చివ్వున చిమ్ముతుంది. కోస్తే ఆ బెజ్జం కింద గుజ్జు రసం లేక పీచుగా ఉంటుంది, పురుగు ఒక్కటి కూడా ఉండదు. ఈగ పెట్టిన కాయైతే గుచ్చిన చోటు ఇంకా సన్నం, చుట్టూ తోలు పసుపు తిరిగి ఉంటుంది. కోస్తే తెల్లటి పురుగులు కనిపిస్తాయి, కాళ్లుండవు, ఒక కొస సన్నగా మొనదేలి, ఇంకో కొస మొద్దుగా ఉంటుంది. బాగా ఎదిగిన పురుగైతే నేల మీద వేయగానే తలా తోకా కలిపి ముడుచుకుని ఎగిరి దూకుతుంది. అలా దూకిందంటే ఇక అనుమానమే లేదు, పండు ఈగ పిల్లే.

ఇక్కడే ఇంకో తిరకాసు ఉంది, పెద్ద పెద్ద రైతులు కూడా దీని దగ్గరే తడబడతారు. రెక్కల పురుగు పెట్టిన బెజ్జంలోంచి బూజు, బాక్టీరియా లోపలికి పోయి కాయ పులుస్తుంది. ఆ పులిసిన వాసనకి అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగలు వచ్చి గుడ్లు పెడతాయి. నాలుగు రోజులాగి నువ్వు ఆ కాయ కోస్తే లోపల చిన్న చిన్న పురుగులు కనిపిస్తాయి, అదిగో ఈగే అని తీర్మానం చేసేస్తావు. అవి ఆలస్యంగా వచ్చిన చుట్టాలు, అసలు దొంగ అంతకు ముందే తాగి పోయింది. అందుకే తాజా కాయే కోయమన్నాను.

మరి బుట్టల్లో అన్ని ఈగలు ఎలా పడ్డాయి అంటావా. బుట్టలో ఎరగా ఉన్నది మిథైల్ యూజినాల్ అనే వాసన పదార్థం. దానికి వచ్చేవి మగ ఈగలు మాత్రమే, అదీ చాలా దూరం నుంచి కూడా వస్తాయి. బుట్ట నిండిందంటే చుట్టుపక్కల మగ ఈగలున్నాయని అర్థం, బత్తాయికి బెజ్జం పెట్టింది అవే అని కాదు. దీని వెనక ఒక పాత కథ ఉంది. బీహార్‌లోని పూసాలో హౌలెట్ అనే కీటక శాస్త్రవేత్త ఉండేవాడు. దోమలు రాకుండా సిట్రొనెల్లా నూనె వాడితే దాని చుట్టూ పండు ఈగలు ముసిరాయట, ఆయన గమనించి చూస్తే అన్నీ మగవే. 1912లో ఆ సంగతి ప్రచురించాడు, 1915లో మిథైల్ యూజినాల్ ఈ ఈగలను లాగుతుందని తేల్చాడు. మన తులసిలో కూడా ఈ పదార్థం ఉంది, తులసాకు నలిపి పెడితే ఈగలు వాలేది అందుకే. మగ ఈగ దాన్ని తిని ఒంట్లో మార్చుకుని ఆడదాన్ని రప్పించే వాసనగా వాడుకుంటుంది, ఆ ఆశకే బుట్టలో పడి చస్తుంది. తగినన్ని బుట్టలు ముందునుంచీ కడితే మగవి తగ్గి ఆడవాటికి జత దొరకదు, గుడ్లు పొదగవు. జపాన్ వాళ్లు ఒకినావా దీవుల్లో ఇదే పద్ధతిలో ఏళ్ల తరబడి పట్టుబట్టి 1986 నాటికి ఈ ఈగను పూర్తిగా లేకుండా చేశారు. కాయ పండే ముందు వారం నాలుగు బుట్టలు కట్టి అద్భుతం జరగాలంటే మాత్రం జరగదు, ఎందుకంటే అప్పటికే జత కట్టిన ఆడవి గుడ్లు పెట్టుకుంటూ పోతాయి.

రెక్కల పురుగుకి ఈ బుట్టతో సంబంధమే లేదు. నువ్వు ఎకరాకి వంద కట్టినా దానికి లెక్కలేదు. దీపపు ఎరలకి కూడా ఇది పెద్దగా రాదు, వెలుతురు ఎక్కువైతే పక్కకి తప్పుకుంటుంది. జపాన్‌లో తోటల్లో పసుపు రంగు లైట్లు రాత్రంతా వెలిగించి దీన్ని దూరంగా ఉంచేది అందుకే. మన కరెంటుకీ, మన ఖర్చుకీ అది కుదిరే పని కాదులే.

కాయల మీద మందు కొట్టడం గురించి. దయచేసి కోతకు వచ్చిన కాయ మీద వారం వారం మందు కొట్టకు. ఈగ పిల్ల కాయ లోపల ఉంది, పైన కొట్టింది దానికి తగలదు. రెక్కల పురుగు తోలు కొరకదు, తొండం లోపలికి దించి రసం తాగుతుంది, కాబట్టి పైన ఉన్న మందు దాని కడుపులోకి పోదు. పైగా ఈ రాత్రి వచ్చినవి చచ్చాయనుకున్నా రేపు రాత్రి కొండ మీంచి కొత్తవి దిగుతాయి. డబ్బులు పోయి, తినేవాళ్లకి విషం మిగులుతుంది. నా మాట కటువుగా ఉన్నా సరే, ఈ విషయంలో నేను రాజీ పడను.

ఈగకి ఏం చేయాలి. దాని బతుకంతా తెలిస్తే ఎక్కడ కొట్టాలో అదే తెలుస్తుంది. గుడ్డు ఒకటి రెండు రోజుల్లో పొదుగుతుంది, పురుగు ఓ వారం గుజ్జు తింటుంది, తర్వాత కాయలోంచి దూకి పాదిలో పైపై మట్టిలోకి దూరి గోధుమ రంగు గూడు కట్టుకుంటుంది, అది బియ్యపు గింజంత ఉంటుంది. పది రోజులు అటూ ఇటూగా ఈగై బయటకొస్తుంది. మన ఎండలకి మూడు వారాల్లో ఒక తరం. కాబట్టి రాలిన జామకాయ చెట్టు కింద రెండు రోజులు పడి ఉందంటే నువ్వే ఈగల్ని పెంచుతున్నట్టు లెక్క. రోజూ ఏరు, రెండడుగుల గోతిలో పూడ్చు, లేదంటే మందపాటి ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఎండలో పడెయ్. పక్కన కుప్ప పోస్తే లాభం లేదు, పురుగు అక్కడే మట్టిలో దిగుతుంది. పాదుల్లో మట్టి పైపైన కదిలిస్తే గూళ్లు బయటపడి ఎండకి కొన్ని, చీమలకీ పిట్టలకీ కొన్ని పోతాయి.

బుట్టలు తీసేయకు, వాటిని జామ దగ్గరికి మార్చు. లక్నోలోని కేంద్ర ఉప ఉష్ణమండల ఉద్యాన పరిశోధన సంస్థ చెప్పిన చెక్క ముక్కల పద్ధతి చవక: ఆల్కహాల్ ఆరు పాళ్లు, మిథైల్ యూజినాల్ నాలుగు పాళ్లు, మలాథియాన్ అనే పురుగుమందు ఒక పాలు కలిపి అందులో ప్లైవుడ్ ముక్కలు నానబెట్టి, పక్కల బెజ్జాలు చేసిన నీళ్ల సీసాలో వేలాడదీయడమే. ఎకరాకి నాలుగు చాలు, నీడపట్టున, మనిషి ఛాతీ ఎత్తులో కట్టు, రెండు నెలలకోసారి ముక్క మార్చు. కాయ పిందెగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. జామ కొద్దిగానే ఉంది కాబట్టి కాయలకి కవర్లు తొడగడం అన్నిటికంటే మేలు, ఖర్చు వచ్చినా మంచి ధర వస్తుంది.

ఇక రెక్కల పురుగు, నీ అసలు తలనొప్పి. నీ మూడో ఫొటోలో కంచె పక్కన వేపచెట్టు ఉంది చూడు, దాని మీద అల్లుకున్నది తిప్పతీగ. కరోనా టైములో అందరూ కషాయానికని తెచ్చి ఇంటింటా పాకించారు. మందుమొక్కే, కాదనను, కానీ బత్తాయి తోట కంచె మీద అది ఉండకూడదు. వాన పడి తీగ చిగురేశాక ఆకు అడుగున వెతుకు. ముదురు రంగు లద్దెపురుగు, పట్టులా నున్నగా, ఒంటికి రెండు పక్కలా కళ్లలాంటి గుండ్రటి మచ్చలు. పుల్లతో తాకితే తల కిందికి వంచి తోక పైకెత్తుతుంది, అప్పుడు ఆ మచ్చలు ముందుకొచ్చి చిన్న పాము కళ్లు తెరిచి చూస్తున్నట్టు ఉంటుంది, పిట్టలు భయపడేది దానికే. ఆకుల్ని పట్టుతో కలిపి కుట్టుకుని అందులోనే గూడు కడుతుంది. ఏరి నాశనం చెయ్, తీగ మొదలంటా పీకెయ్, దూసరితీగ కూడా. తిప్పతీగ ముక్క కోసి కింద పడేస్తే మళ్లీ వేరు పోసుకుంటుంది, అందుకని బయటికి తీసుకెళ్లి ఎండబెట్టి తగలబెట్టు.

అయితే ఒకటి, ఇది బాగా దూరం ఎగరగల పురుగు. వెలిగొండల మీద తీగంతా ఎవరు పీకుతారు? అందుకని కొండ కింద తోటల్లో దీన్ని లేకుండా చేస్తాననుకోవద్దు, కాయ రంగు తిరిగిన దగ్గరనుంచి కోత దాకా ఉన్న ఆ మూడు నాలుగు వారాలు దూరంగా ఉంచితే చాలు. దానికి పొద్దుగుంకగానే గాలివాటు చూసి తోటకి రెండు మూడు చోట్ల పచ్చాకు కలిపిన పొగ పెట్టు, కాయల వాసన దానికి అందకుండా పోతుంది. ఎనిమిది నుంచి పదకొండు దాకా టార్చి, చేతివల పట్టుకుని ఇద్దరు తిరిగితే పట్టుకున్నవి పట్టుకున్నట్టే, పిల్లలకి ఇది సరదా కూడా. ఎర కావాలంటే 2 లీటర్ల నీళ్లలో 200 గ్రాముల బెల్లం, 20 మి.లీ. మలాథియాన్, కాస్త వెనిగరో పులిసిన పండ్ల రసమో కలిపి వెడల్పు మూతి డబ్బాల్లో పది చెట్లకి ఒకటి చొప్పున కట్టు. సాయంత్రం కట్టి తెల్లారగానే తీసి మూత పెట్టాలి, లేకపోతే పగలు తేనెటీగలు పడతాయి, గొర్రెలో పిల్లలో ముట్టుకుంటే ఇంకా ప్రమాదం. వల కప్పేట్టయితే కాయకి అంటుకోకుండా కప్పు, అంటుకుంటే వల మీదినుంచే తొండం దించుతుంది.

రాలిన కాయలు ఏరడం దీనికీ కావాలి, కారణం మాత్రం వేరు. ఇక్కడ లోపల పిల్లలేమీ లేవు, పులిసిన వాసన కొత్త పురుగుల్ని పిలుస్తుంది, అందుకు.

ప్రకాశం వైపునుంచి కూడా కొందరు ఇదే అడుగుతుంటారు, మా దగ్గర కొండ లేదు, తిప్పతీగ లేదు, అయినా కాయకి బెజ్జాలేంటని. దగ్గర్లో ఆముదం చేలున్నాయేమో చూడండి. ఆముదం ఆకు తినే దాసరి పురుగు పెద్దదై రెక్కలొచ్చాక అది కూడా పండ్ల రసానికి వస్తుంది. దాని కింది రెక్కలు నలుపు, తెలుపు, నారింజ కాదు.

నిమ్మ సంగతి అడగలేదు కానీ చెప్పేస్తాను, పొదలకూరు, గూడూరు మార్కెట్లకి పోయే నిమ్మ పచ్చిగా ఉండగానే కోసేస్తారు కాబట్టి ఈ రెండిటి బాధా తక్కువ. చెట్టు మీదే పండిపోయిన వాటికి మాత్రం రెక్కల పురుగు వాలుతుంది. ఈగ నిమ్మలో పెట్టడం అరుదు.

ఈ రెండిట్లో ఏది పెద్ద శత్రువు అని కూడా రాశావు. ఈ ఏడు నీ జేబు వరకు చూస్తే రెక్కల పురుగే. కానీ నన్నడిగితే ఈగే ప్రమాదకరం. రెక్కల పురుగు చేసే నష్టం నీ తోట గట్టు దాటదు, కుట్టిన కాయ రాలిపోతుంది, అంతే. ఈగ అలా కాదు, గుడ్డు పెట్టిన కాయ కోసిన రోజున బాగానే కనపడుతుంది, లారీ ఎక్కి చెన్నై పోతుంది, ఓడ ఎక్కి ఇంకో దేశం పోతుంది, అక్కడ పురుగై బయటపడుతుంది. 2014 మే 1 నుంచి ఐరోపా యూనియన్ మన మామిడిని ఆపేసింది దీనివల్లే, కాయల్లో ఈగ పురుగులు దొరికాయని. 2015 జనవరిలో గానీ ఆ నిషేధం ఎత్తలేదు. ఉలవపాడు బంగినపల్లి లాంటి కాయ పండించే వాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మామిడికైతే కోత తర్వాత 48 డిగ్రీల వేడి నీళ్లలో గంటసేపు ఉంచితే లోపలి గుడ్లు, పురుగులు చస్తాయి, ఎగుమతి సరుకుకి అలాంటి ఏర్పాట్లున్నాయి. జామకి మన స్థాయిలో కవరు, ఏరడం, బుట్ట, ఇవే.

ప్రస్తుతానికి నువ్వు చేయాల్సింది, రేపు పొద్దున తాజాగా రాలిన బత్తాయిలు ఓ పది, జామలు ఓ పది కోసి ఫొటోలు పెట్టు, బెజ్జం వైపు ఒకటి, లోపలి గుజ్జు ఒకటి. ఈ రాత్రే టార్చి వేసి ఒకసారి తోట చుట్టి రా, చెప్పులు కాకుండా బూట్లు వేసుకో, కొండ కింద తోట, పాములుంటాయి. పక్క తోటాయన కంచె మీద కూడా తిప్పతీగ ఉంటే ఆయనతో ముందే మాట్లాడుకో, ఇద్దరూ ఒకేసారి పీకాలి, నీ గట్టు ఒక్కటే శుభ్రం చేస్తే ఆయన కంచె మీదవి నీ కాయకే వస్తాయి.